లోపల ఎంత ఉడికింది?

ఆలూరు నుంచి ఆదోని వైపు పోయినా, గుంతకల్లు దారి పట్టినా రోడ్డుకు రెండు పక్కలా కనిపించేది కంపచెట్టే. వానలు మొహం చాటేసిన ఏడు కూడా పచ్చగానే ఉంటుంది. చేను ఆక్రమిస్తోందని రైతు తిట్టుకుంటాడు. పొయ్యి దగ్గరికొచ్చేసరికి అదే కావాలంటాడు. దీని బొగ్గు గట్టిది, సెగ ఎక్కువ, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. ఈ చెట్టు మన దేశంలో మొదట వేళ్లూనుకున్నది రాయలసీమలోనే. మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ విత్తనాలు కావాలని 1876లో ప్రభుత్వానికి రాశాడు. మరుసటి ఏడాది జమైకా నుంచి వచ్చిన విత్తనాలను కడప జిల్లా కమలాపురంలో నాటారు.

కంపచెట్టుకు దగ్గరి చుట్టం ఒకటి అమెరికాలోని టెక్సాస్‌లో పెరుగుతుంది. దాన్ని అక్కడ మెస్కీట్ అంటారు. పశ్చిమ టెక్సాస్‌లో మాంసం కాల్చేది ఎక్కువగా ఆ నిప్పుల మీదే. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో స్థిరపడిన తెలుగువాళ్ల పెరళ్లలో ఇప్పుడు గ్రిల్లు మామూలు సామాను. శనివారం పొద్దున మేక తొడను పొగలో పెట్టి, మధ్యాహ్నం దాకా మూత తీయకుండా ఫోనులో అంకె చూసుకుంటూ కూర్చునేవాళ్లున్నారు. ఆ అంకె పంపేది మాంసంలో గుచ్చిన ఒక ఉక్కు పుల్ల. సెలవులకు ఆలూరొచ్చే అబ్బాయి పెట్టెలో చాక్లెట్ల పక్కన అలాంటి పుల్ల కూడా ఉండొచ్చు. ఆన్‌లైన్‌లో ఇక్కడి నుంచే తెప్పించుకునే వీలూ ఉంది. ఏది కొనాలి, అసలు కొనాలా అన్నది ఇక్కడి మాంసాన్ని, ఇక్కడి పొయ్యిని, ఇక్కడి ఎండను చూసి తేల్చుకోవలసిన సంగతి. డబ్బా మీద అచ్చేసిన గొప్పలు అందుకు పనికిరావు.

పుల్ల చూడ్డానికి లావుపాటి పెన్సిలంత ఉంటుంది. ఒక కొన మొన తేలి ఉంటుంది, వేడిని పసిగట్టే సెన్సర్ అక్కడే. రెండో కొన పింగాణీ. అందులో యాంటెన్నా, పొయ్యిలోని గాలి వేడిని కొలిచే ఇంకో సెన్సర్ ఉంటాయి. నడుమ ఉక్కు గొట్టంలో చిన్న బ్యాటరీ, సర్క్యూటు. ఇంత సున్నితమైన సామాను నిప్పుల మీద ఎలా బతుకుతుందంటే, దాన్ని కాపాడేది మాంసమే. మాంసంలో తడి ఉన్నంతసేపూ లోపలి వేడి వంద డిగ్రీలు దాటదు. పుల్ల మీద ఒక గీత గీసి ఉండేది అందుకే. గీత దాకా గుచ్చితే బ్యాటరీ క్షేమం. సగం బయట ఉంచారో, ఆ పూటతో దాని ఆయుష్షు తీరినట్టే. 2015లో కిక్‌స్టార్టర్‌లో జనం పెట్టిన డబ్బుతో మొదలైన మీటర్ అనే పుల్ల ఈ తరహాకు పేరు తెచ్చింది. దాని తొలి రకం లోపలి సెన్సర్ 100 డిగ్రీల దాకా, బయటి సెన్సర్ 275 డిగ్రీల దాకా తట్టుకునేలా చేశారు. కంప బొగ్గు కణకణలాడేటప్పుడు నిప్పుల మీది గాలి ఆ 275ను సులువుగా దాటేస్తుంది. కాబట్టి నిప్పులకు నేరుగా పైన కాల్చే అలవాటున్నవాళ్లు మొదట చూడాల్సిన అంకె ఇదే. 2023లో వచ్చిన మీటర్ 2 ప్లస్ బయటి వేడి 500 డిగ్రీల దాకా తట్టుకుంటుందని కంపెనీ చెబుతోంది. ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

ఈ వ్యాపారంలోకి పెద్ద చేతులే దిగాయి. గ్రిల్లులు చేసే వెబర్ 2016లో ఐగ్రిల్ అనే థర్మామీటర్ల వ్యాపారాన్ని కొనేసింది. ఇంకో గ్రిల్లుల కంపెనీ ట్రేగర్ 2021లో మీటర్‌ను సొంతం చేసుకుంది. 'మోడర్నిస్ట్ క్విజీన్' అనే వంటల పుస్తకం రచయితల్లో ఒకడైన క్రిస్ యంగ్ కంబశ్చన్ అనే కంపెనీ పెట్టి, ఒకే పుల్లలో ఎనిమిది సెన్సర్లు అమర్చాడు. మొన నుంచి పిడి దాకా వరుసగా సెన్సర్లుంటే, పుల్ల కాస్త అటూ ఇటూ దిగినా అన్నిటికంటే చల్లగా ఉన్న చోటును అదే వెతికి చెబుతుంది. చేయి తిరగనివాళ్లకు ఇది నిజంగా పనికొచ్చే సదుపాయం.

అయితే సీమలో మాంసం కాల్చే పద్ధతుల్లో చాలావాటికి ఈ పుల్లతో పనే లేదు. సాయంత్రం బండి మీద కాల్చే సీకుల సంగతే చూడండి. వేలెడంత లేని ముక్కల్లో అంత పుల్ల ఎక్కడ పడుతుంది? విసనకర్రతో నిప్పు రాజేస్తూ, చువ్వ తిప్పుతూ, కొవ్వు చిటపటలు వింటూ దించేవాడి చెయ్యే అక్కడ కొలత. తలకాయ, కాళ్లు కాల్చడమంటే వెంట్రుక పోయి చర్మం కమరడం వరకే, ఉడకడం తర్వాత కుండలో. కాలేజం ముక్కలు రెండు నిమిషాల పని. నాటుకోడి విషయంలో ఇంకో చిక్కుంది. కిలో, కిలోన్నర తూగే కోడికి రొమ్ము కండ పలచన, గీత దాకా పుల్ల దిగదు. తొడ మొదట్లో, ఎముకకు తగలకుండా ఏటవాలుగా గుచ్చాలి. అప్పుడు కూడా సన్నపాటి పుల్ల అయితేనే కుదురుతుంది. పుల్ల ఎంత లావు, గీత మొన నుంచి ఎంత దూరం అన్నవి కొనేముందే చూసుకోవాలి.

పుల్ల అక్కరకొచ్చేది పొట్టేలు తొడ మొత్తంగా కాల్చేటప్పుడు, పాత డ్రమ్మును నిలువునా కోయించి మూతపెట్టి పొగబెట్టేటప్పుడు, మండీ పద్ధతిలో పెద్ద ముక్కలు గంటల తరబడి మగ్గించేటప్పుడు. బయట నల్లగా కమిలి, లోపల ఎముక పక్కన రక్తం కారే ముక్క విస్తట్లో పడేది ఈ వంటల్లోనే. మూత తీసి చూద్దామంటే తీసినప్పుడల్లా వేడి జారిపోతుంది.

ఇక మాంసం సంగతి. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు అత్యధికంగా ఉన్నవి తెలంగాణలో, 1.91 కోట్లు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్, 1.76 కోట్లు. కర్నూలు, అనంతపురం మెట్టల్లో మంద రోజూ మైళ్లకొద్దీ నడిచి మేస్తుంది. నడిచిన కండలో, వయసు మీదపడిన కండలో నరం గట్టిగా ఉంటుంది. శాస్త్రవేత్తలు కొల్లాజెన్ అనే ఆ పదార్థం కరిగి జిగురుగా మారాలంటే వేడి ఒక్కటే చాలదు, సమయమూ కావాలి. అమెరికా యాప్ తెరిచి 'లాంబ్' నొక్కితే 63 డిగ్రీలు చూపించొచ్చు. కైమా కొట్టని ఎర్ర మాంసానికి ఆ దేశపు వ్యవసాయ శాఖ క్షేమమని చెప్పిన వేడి అది, దించాక 3 నిమిషాలు కదపకుండా ఉంచాలన్న షరతుతో. కైమాకు 71, కోడికి 74 అని అదే శాఖ లెక్క. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హోటళ్లకు ఇచ్చిన సూచన ఇంకో రకం: మాంసం నడిబొడ్డున 65 డిగ్రీలు 10 నిమిషాలు, లేదా 70 డిగ్రీలు 2 నిమిషాలు, లేదా 75 డిగ్రీలు 15 సెకన్లు నిలవాలి.

ఇవన్నీ రోగం రాకుండా ఉండటానికి చెప్పిన అంకెలు. పంటికింద మెత్తబడటం వేరే సంగతి. సీమలో గులాబీ రంగు మాంసం ఎవరూ ముట్టరు, ముట్టాల్సిన అవసరమూ లేదు. 63 దగ్గర దించడం ఇక్కడ కుదరదు సరే, 75 దగ్గర దించితే ఇంకా అన్యాయం. కండలోని నీరు పిండుకుపోయి ఉంటుంది, నరమేమో ఇంకా కరిగి ఉండదు, ఎంత నమిలినా సాగుతూనే ఉంటుంది. ముదురు పొట్టేలు తొడకు గురి పెట్టాల్సింది 90, 95 డిగ్రీల మధ్య. ఫారెన్‌హీట్‌లో చూపే పుల్ల అయితే 194, 203 మధ్య. అక్కడికి చేరాక కూడా పుల్ల గుచ్చినచోట వెన్నలో దిగినంత సులువుగా దిగుతోందా లేదా అన్నదే ఆఖరి మాట. లేత పిల్ల అయితే అంతకంటే ముందే మెత్తబడుతుంది. యాప్‌లో ముందే పెట్టి ఉంచిన అంకెలను మార్చుకునే వీలుందా అన్నది అందుకే ముఖ్యం. ఆ వీలు లేని పుల్ల సీమ మాంసానికి పనికిరాదు.

పొద్దున కోసిన మాంసం మధ్యాహ్నానికే నిప్పుల మీద పెట్టడం ఇంకో సమస్య. ప్రాణం పోయిన కొన్ని గంటలకు కండ బిగుసుకుంటుంది, మళ్లీ సడలడానికి ఒక రోజు దాకా పడుతుంది. బిగిసిన వేళ కాలిస్తే ఏ పుల్లా ఆదుకోలేదు. ఉప్పు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు కాల్చడం మేలు. ఏప్రిల్, మే నెలల్లో ఆలూరు ఎండ 40 దాటుతుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి, నీడలో పెట్టిన పచ్చి మాంసం నేరుగా ఆ హద్దుల మధ్యే ఉంటుంది. మాంసాన్ని బయట గంటల తరబడి నానబెట్టే అలవాటు ఎండాకాలంలో మానుకోవాల్సిందే.

పొగలో పెట్టినప్పుడు ఒక విచిత్రం జరుగుతుంది. అంకె చకచకా 65 దాకా ఎక్కి, 70 దరిదాపుల్లో గంటల తరబడి మొండికేస్తుంది. నిప్పు చాలలేదనుకుని బొగ్గు గుమ్మరించేవాళ్లు అక్కడే పప్పులో కాలేస్తారు. కుండలో నీళ్లు ఎండాకాలంలో చల్లబడినట్టే, మాంసం పైకి ఊరే తడి ఆవిరవుతూ ముక్కను చల్లబరుస్తుంది. పైకెక్కే వేడి, ఆవిరిగా పోయే వేడి సమానమైనంతసేపు అంకె కదలదు. పైన తడి ఆరాక తనే ఎక్కుతుంది. తొందరున్నవాళ్లు రేకులో చుట్టేస్తారు, తడి బయటికి పోదు కాబట్టి అంకె మళ్లీ కదులుతుంది. పుల్ల చేతిలో లేనివాళ్లకు ఈ మొండిఘట్టం కనపడనే కనపడదు. పుల్ల మీద పెట్టిన డబ్బుకు ఈ ఒక్క సంగతి తెలియడమే చాలావరకు గిట్టుబాటు. పొగ విషయంలో ఇంకో మాట: కంప కట్టె పొగ ఘాటు. గంటల వంటకు దాని పొగ పట్టిస్తే చేదు దిగుతుంది. నిప్పుకు కంప బొగ్గు, పొగకు ఎండిన మామిడి, జామ ముక్కలు వేసుకుంటే రుచి బాగుంటుంది.

వైర్‌లెస్ అన్న మాట దగ్గర చాలామంది మోసపోతారు. డబ్బా మీద 50 మీటర్లని ఉంటుంది. అది ఖాళీ మైదానంలో లెక్క. బ్లూటూత్ తరంగాలు 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తాయి. తడి వాటిని మింగేస్తుంది, ఇనుము వెనక్కి కొట్టేస్తుంది. పుల్ల ఉన్నది తడి మాంసంలో, మాంసం ఉన్నది ఇనుప డ్రమ్ములో. సంకేతం బయటపడే దారి గాలి రంధ్రాలు, మూత సందులు మాత్రమే. మట్టికుండలో అయితే కాస్త నయం. గుంత తవ్వి పూడ్చే వంటకు మాత్రం తీగ ఉన్న పుల్లే గతి. డ్రమ్ము పక్కన మీటరు దూరంలో పెట్టుకునే రిసీవర్ ఉన్న రకం తీసుకుంటే, అది సంకేతాన్ని అందుకుని ఇంట్లో ఫోనుకు చేరవేస్తుంది. వై-ఫై మీదే ఆధారపడే రకమైతే కరెంటు పోయిన మరుక్షణం మూగబోతుంది. రిసీవర్ మీదే అంకె కనపడే రకాలున్నాయి, ఊళ్లో వాడకానికి అవే మంచివి. ఎండలో పెట్టిన ఫోను వేడెక్కి ఆగిపోయినా వంట ఆగదు. కంపెనీ రేపు యాప్‌ను వదిలేసినా వస్తువు పనికొస్తుంది.

విదేశం నుంచి తెప్పించేవాళ్లు ఒక విషయం ముందే అడగాలి. దూరం బాగా అందుతుందని అమెరికాలో కొన్ని థర్మామీటర్లు బ్లూటూత్ బదులు 915 మెగాహెర్ట్జ్ రేడియో వాడతాయి. 902 నుంచి 928 దాకా అక్కడ లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. మన దేశంలో ఆ పరిసరాలు మొబైల్ కంపెనీలవి. ఇక్కడ లైసెన్సు అక్కర్లేనివి 865 నుంచి 868 మెగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్ వంటివి. కాబట్టి 915 రకం అక్కడే ఉంచి, బ్లూటూత్ రకం పంపమనడం మంచిది.

ఖర్చు పెట్టే ముందు ఇంకో దారి కూడా ఆలోచించాలి. ఏడాదికి రెండుసార్లు తొడ కాల్చే ఇంటికి, గుచ్చగానే అంకె చూపే మామూలు డిజిటల్ థర్మామీటర్ చాలు. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, సీకుల ముక్క తప్ప అన్నిటికీ పనికొస్తుంది. నెలనెలా పొగబెట్టేవాళ్లకు, మండీ హోటలు నడిపేవాళ్లకు వైర్‌లెస్ మీద పెట్టిన డబ్బు దండగ కాదు.

ఏది కొన్నా డబ్బా తెరిచిన రోజే పరీక్షించాలి. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, సందులు నిండేంత మాత్రమే నీళ్లు పోసి, రెండు నిమిషాలు కలిపి పుల్ల ముంచితే 0 చూపాలి. ఒక డిగ్రీ అటూ ఇటూ సర్దుకోవచ్చు, మూడు డిగ్రీల తేడా అయితే వాపసు పంపేయాలి. మరిగే నీళ్లలో పరీక్షిస్తే మాత్రం 100 రాలేదని కంగారుపడక్కర్లేదు. ఆలూరు, ఆదోని ప్రాంతం సముద్రమట్టానికి 400 మీటర్లకు పైన ఉంది, ఇక్కడ నీళ్లు 98.5 దగ్గరే మరుగుతాయి. వాడిన ప్రతిసారీ పిడి కొనమీద పట్టిన నూనె మసి గీకి కడగాలి. పుల్ల ఛార్జింగ్ అందుకునేది ఆ కొన నుంచే, అక్కడ కారం, కొవ్వు పేరుకుంటే మర్నాడు పుల్ల లేవదు.