ఉభయభాషాప్రావీణ్యం – ఆదిభట్ల నారాయణదాసుగారి అచ్చతెలుగు సాధన

ప్రాచ్యకళాశాలల్లో తరతరాలుగా గౌరవంతో వినవచ్చే మాట ‘ఉభయభాషాప్రవీణ’. సంస్కృతాంధ్రాలు రెండూ ఎరిగినవాడని దీనికి స్థూలార్థం. అయితే రెండు భాషలను ఎరగడం వేరు, ఆ రెండింటి నడుమ ఉన్న ఎల్లను ఎరగడం వేరు. తత్సమసమాసాలు పెరిగినకొద్దీ తెలుగు పద్యంలో ఆ ఎల్ల మరుగునపడుతుంది. దానిని తమ రచనల ద్వారా స్పష్టంగా చూపిన కవి, ఆచార్యులు శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు. హరికథాపితామహులుగా వారికి గల కీర్తి వెలుగులో ఈ ద్విభాషాసాధన ఒకింత వెనుకబడుతుంది.

దాసుగారు 1864 ఆగస్టు 31న నాటి విశాఖపట్టణ మండలంలోని అజ్జాడ గ్రామంలో జన్మించినారు. జన్మనామం సూర్యనారాయణ. 1883లో ‘ధ్రువచరిత్ర’తో హరికథాప్రస్థానం ఆరంభించినారు. 1919లో విజయనగరంలో విజయరామ గానపాఠశాల ఏర్పడినపుడు దానికి తొలి అధ్యక్షులైనారు. 1936లో ఆ స్థానం ద్వారం వేంకటస్వామినాయుడుగారికి సంక్రమించింది. 1945 జనవరి 2న దాసుగారు పరమపదించినారు. వారి కర్మభూమి అయిన విజయనగరం 1979 వరకు విశాఖ జిల్లాలోనిదే.

సంస్కృతంలో దాసుగారు ‘తారకం’ కావ్యాన్ని, ‘కాశీశతకా’న్ని, ‘హరికథామృతా’న్ని రచించినారు. ఇంతటి గీర్వాణకవి తెలుగుకు వచ్చేసరికి పెక్కు గ్రంథాలలో సంస్కృతసమపదాలను పూర్తిగా విడిచిపెట్టడం గమనార్హం. అచ్చతెలుగున తత్సమానికి చోటులేదు. తద్భవ దేశ్యాలు మాత్రమే గ్రాహ్యాలు. ‘అగ్ని’ కూడదు, ‘అగ్గి’, ‘నిప్పు’ చెల్లుతాయి. పొన్నికంటి తెలగన ‘యయాతిచరిత్ర’, కూచిమంచి తిమ్మకవి ‘అచ్చతెలుఁగు రామాయణము’ ఈ మార్గంలో వెలసిన ప్రసిద్ధ కావ్యాలు. అవి కథాకావ్యాలు. కథనానికి, వర్ణనకు కావలసిన దేశ్యపదాలు భాషలో సమృద్ధిగా ఉన్నవి. కథాశ్రయం లేని విషయాలకు కూడ ఆ మార్గాన్ని విస్తరింపజేయడం దాసుగారి విశేషం.

అందుకు మొదటి నిదర్శనం సహస్రనామాలు. విష్ణుసహస్రనామాలను ‘వెన్నుని వేయిపేర్ల వినకరి’గా, లలితాసహస్రనామాలను ‘తల్లివిన్కి’గా వారు అచ్చతెలుగు చేసినారు. సహస్రనామంలో కథ ఉండదు. ప్రతినామమూ వ్యుత్పత్తిగర్భితమైన పదం. ‘పుండరీకాక్షుడు’ మన కవుల వాడుకలో ‘తమ్మికంటి’ కావాలన్నా, ‘చంద్రశేఖరుడు’ ‘నెలతాలుపు’ కావాలన్నా ముందుగా విగ్రహవాక్యం మనసున నిలవాలి. కనుక సంస్కృతాన్ని విడిచిన ఈ రచనలే రచయిత సంస్కృతజ్ఞానానికి గట్టి పరీక్షలు.

రెండవది ‘నవరసతరంగిణి’. ఇందులో కాళిదాస షేక్‌స్పియర్‌ల ఘట్టాలను రసానుసారంగా ఎన్నుకొని అచ్చతెలుగున అనువదించినారు. తత్సమాలను అనుమతించి ఉంటే కాళిదాసు మాటలు సగం యథాతథంగా నిలిచేవి; షేక్‌స్పియర్ మాత్రమే అనువాదంగా కనిపించేవాడు. ఇద్దరినీ అచ్చతెలుగున నిలపడంతో ఇద్దరికీ ఒకే తూనిక ఏర్పడింది. తులనాత్మక పరిశీలనకు ఇది చక్కని పద్ధతి.

మూడవది 1932లో వెలువడిన ఉమర్ ఖయ్యాం రుబాయీల అనువాదం. 1859లో వెలువడిన ఫిట్జెరాల్డ్ ఆంగ్లానువాదం లోకంలో మూలంతో సమానమైన ప్రతిష్ఠ పొందినది. పారశీకం ఎరిగిన దాసుగారు మూలానికీ ఆంగ్లానికీ గల అంతరాన్ని చూపదలచి, సంస్కృతాన్ని, అచ్చతెలుగును రెండింటినీ సాధనాలుగా గ్రహించినారు. ఒకే భావం ఒకచోట సమాసంగా కుదించుకొనడం, మరొకచోట చిన్నమాటల వరుసగా విచ్చుకొనడం పాఠకునికి పక్కపక్కనే గోచరిస్తుంది.

ఇది సంస్కృతద్వేషం కాదు. పండితులూ పామరులూ కూడిన సభలకు ఉద్దేశించిన తెలుగు హరికథలలో వారు తత్సమాలను నిస్సంకోచంగా వాడినారు. ఎక్కడ కలపాలో, ఎక్కడ కలపరాదో తెలిసినవారు. అదే విజయనగరంలో అదే కాలాన గురజాడ అప్పారావుగారు వాడుకభాషను ఆశ్రయించి తెలుగు సామర్థ్యాన్ని నిరూపించినారు. దాసుగారు నిఘంటువుల అడుగున, పల్లెల నోళ్లలో మిగిలిన దేశ్యసంపదను ఆశ్రయించినారు. దారులు వేరైనా, తెలుగు తన కాళ్లపై నిలువగలదన్న విశ్వాసం ఇద్దరిదీ.

ఈ మార్గానికి పరిమితి లేకపోలేదు. వాడుక తప్పిన దేశ్యపదాలు నేటి పాఠకునికి తత్సమాలకంటె దుర్గమాలు. అచ్చతెలుగు మాటలకు ‘సీమపల్కువహి’ అనే నిఘంటువును కూడ దాసుగారు సమకూర్చడం ఈ సందర్భంలో స్మరణీయం. నిఘంటువు తోడులేక ఈ గ్రంథాలు చదివేవారికి శ్రమ తప్పదు.

అయినను బోధనలో వీటి ప్రయోజనం గొప్పది. తత్సమ తద్భవ దేశ్య విభాగాన్ని విద్యార్థి సాధారణంగా వ్యాకరణసూత్రంగా వల్లిస్తాడు. ఒక్క సహస్రనామాన్ని విగ్రహవాక్యం చెప్పి అచ్చతెలుగు చేయమంటే ఆ విభాగం అతనికి అనుభవంలోకి వస్తుంది. సంస్కృతమూ తెలుగూ ఒకేమారు పరీక్షకు నిలుస్తాయి. ఉభయభాషాప్రవీణుడన్న మాటకు దాసుగారి రచనలు చెప్పే అర్థం ఇదే.