ఫార్మాట్ నొక్కే ముందు

చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ కన్సోల్ తెర మీద ‘సేవ్ కాలేదు’ అనో, ‘డేటా కరప్ట్ అయింది’ అనో కనబడగానే చాలామంది ఆటను డిలీట్ చేసేస్తారు, లేదా మెమరీ కార్డును ఫార్మాట్ చేసేస్తారు. మెసేజ్ పోతుంది. దాంతోపాటు ఒక పిల్ల వేసవి సెలవులంతా కూర్చుని కట్టుకున్న ఊరు కూడా పోవచ్చు. నిజానికి ఆ మెసేజ్ వచ్చే సమయానికి సేవ్, అంటే ఆటలో మనం ఎక్కడిదాకా వచ్చామో దాచిన డేటా, చాలాసార్లు చెక్కుచెదరకుండానే ఉంటుంది. దాన్ని చెరిపేసేది ఆ తర్వాత మనం చేసే వైద్యమే. అందుకే ఎలా బాగుచేయాలన్న ఆలోచన కన్నా ముందు, ఈ మెషీన్ సేవ్‌ను ఎక్కడ దాచుకుంటుందో తెలుసుకోవాలి.

ఈ విషయంలో అన్ని కన్సోళ్ళూ ఒకేలా ఉండవు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌లో ఆట మైక్రోఎస్‌డీ కార్డు మీద ఉండొచ్చు, షాపులో కొన్న గేమ్ కార్డులో ఉండొచ్చు. సేవ్ మాత్రం ఎప్పుడూ కన్సోల్ లోపలి మెమరీలోనే ఉంటుంది. ఆటను డిలీట్ చేసినా అది పోదు. సేవ్ చెరపాలంటే సెట్టింగ్స్‌లో వేరే చోటికి వెళ్ళి పనిగట్టుకుని చెరపాలి. మైక్రోఎస్‌డీ కార్డు ఫార్మాట్ చేస్తే పోయేది డౌన్‌లోడ్ చేసిన ఆటలు, వాటిని మళ్ళీ దించుకోవచ్చు. కార్డులో దాచుకున్న స్క్రీన్‌షాట్లు, వీడియోలు మాత్రం తిరిగి రావు. ఇదే ధైర్యంతో సోనీ పీఎస్ వీటా మీద ఆట డిలీట్ చేస్తే, ఆటతోపాటు దాని సేవ్ కూడా చెరిగిపోతుంది. నింటెండో త్రీడీఎస్‌లో డౌన్‌లోడ్ ఆటల సేవ్‌లు ఎస్‌డీ కార్డు మీదే ఉంటాయి. అక్కడ ఫార్మాట్ అంటే అన్నీ తుడిచేయడమే. స్విచ్‌లో దాదాపు హాని లేని పని పక్క మెషీన్‌లో ఆరు నెలల ఆటను తుడిచిపెట్టగలదు. ఒక కన్సోల్ గురించి విన్న సలహాను ఇంకో దానికి వాడకూడదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక మెసేజ్ ఎందుకు వస్తుందో చూద్దాం. మొదటి కారణం స్థలం చాలకపోవడం. మొదటి స్విచ్‌లో లోపలి మెమరీ 32 జీబీ, అందులో కొంత సిస్టమ్‌కే పోతుంది. పెద్ద కార్డు కొని పెట్టినా సేవ్‌కు చోటు దొరకదు, ఎందుకంటే సేవ్ కార్డులోకి వెళ్ళదు. లోపల ఉన్న ఆటలను కార్డులోకి జరిపితేనే చోటు మిగులుతుంది. రెండో కారణం రాత మధ్యలో ఆగిపోవడం. ఫైల్ రాయడమంటే డేటా రాయడం ఒక్కటే కాదు, అది ఎక్కడుందో చెప్పే పట్టికను కూడా మార్చాలి. ఈ రెండు పనుల మధ్య బ్యాటరీ అయిపోయినా, కార్డు లాగేసినా పట్టిక ఒకటి చెబుతుంది, అక్కడ ఉండేది ఇంకొకటి. ఇలాంటి ప్రమాదాన్ని ముందే ఊహించిన ఆటలు కొన్ని ఉన్నాయి. 2002లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద వచ్చిన పోకెమాన్ రూబీ ఒకే సేవ్‌ను రెండు చోట్ల మార్చి మార్చి రాస్తుంది. కొత్తది చెడిపోతే పాతదాన్ని తెరుస్తుంది. దాని నుంచి నేర్చుకోవాల్సింది మరొకటీ ఉంది. ఏళ్ళు గడిచాక ఆ ఆట తన లోపలి బ్యాటరీ అయిపోయిందని చెబుతుంది. అది చూసి సేవ్ పోయిందని భయపడతారు. కానీ అందులో బ్యాటరీ నడిపేది గడియారాన్ని మాత్రమే, సేవ్ ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. అంతకుముందు వచ్చిన పోకెమాన్ గోల్డ్‌లో మాత్రం సేవ్‌ను నిలబెట్టేది ఆ బ్యాటరీయే. అది అయిపోతే సేవ్ నిజంగానే పోతుంది. ఒకే సిరీస్‌లోని రెండు ఆటలకు ఇంత తేడా.

మూడో కారణం నకిలీ కార్డులు. లోపల 32 జీబీ చిప్ పెట్టి 512 జీబీ అని చెప్పుకునేలా మార్చిన కార్డులు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతాయి. మొదట అన్నీ బాగానే నడుస్తాయి. అసలు చోటు నిండాకే రాసింది మాయం కావడం మొదలవుతుంది, తప్పు ఆట మీదికి పోతుంది. కార్డు మీద అనుమానం ఉంటే అందులోవన్నీ ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, ఆ తర్వాతే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 లాంటి ఉచిత ప్రోగ్రాములతో పరీక్షించాలి. ఆ పరీక్ష కార్డు నిండా రాస్తుంది, నకిలీదైతే పాతవాటి మీదే రాయొచ్చు. పాత కార్డు కొత్త మెషీన్‌లో పనిచేయకపోవడం మాత్రం వేరే సంగతి. 2025 నాటి స్విచ్ 2లో ఆటలు దించుకోవాలంటే మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ రకం కార్డే కావాలి. పాతది పాడైందనుకుని పారేయనక్కర్లేదు.

కాబట్టి మొదట చేయాల్సింది కొత్తగా ఏదీ రాయకుండా ఆగడం. తర్వాత కన్సోల్‌ను పూర్తిగా ఆఫ్ చేయాలి; స్విచ్‌లో పవర్ బటన్ ఒకసారి నొక్కితే అది నిద్రలోకే వెళ్తుంది, కాసేపు నొక్కి పట్టుకుంటేనే ఆఫ్ చేసే మెనూ వస్తుంది. అప్పుడు కార్డు తీసి, మళ్ళీ సరిగా కూర్చోబెట్టాలి. అదే ఆట లోపలి మెమరీ నుంచి బాగా నడిస్తే లోపం కార్డుదని తేలుతుంది. స్విచ్‌లో ఆట ఫైళ్ళు చెడిపోయాయేమో పరీక్షించే సదుపాయం ఆ ఆట ఆప్షన్లలోనే ఉంది, దానికి సేవ్‌తో పనిలేదు. త్రీడీఎస్ అయితే కార్డులోని ‘నింటెండో త్రీడీఎస్’ ఫోల్డర్‌ను యథాతథంగా కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవాలి. అయితే ఆ ఫోల్డర్ ఆ ఒక్క కన్సోల్‌కే పనికొస్తుంది. ఇవన్నీ అయ్యాకే ఫార్మాట్ సంగతి. ఫార్మాట్‌తో నిజంగా బాగుపడే కార్డులూ ఉన్నాయని అంటారు, అది నిజమే. నా అభ్యంతరం దాన్ని మొదటి మెట్టుగా చేసుకోవడం మీదే.

సేవ్‌ను ఇంటర్నెట్‌లో దాచే క్లౌడ్ ఉండగా ఇంత జాగ్రత్త ఎందుకని అడగొచ్చు. స్విచ్‌లో అది డబ్బు కట్టిన సభ్యులకే, అదీ అన్ని ఆటలకూ లేదు. స్ప్లాటూన్ 2, పోకెమాన్ స్వోర్డ్ లాంటివి దానిలోకి రావు. స్టీమ్ డెక్ అనే మరో చేతి కన్సోల్‌లో క్లౌడ్ ఉచితమే. కానీ ఆట నడుస్తుండగానే డెక్‌ను నిద్రలోకి పంపి, అదే ఆటను కంప్యూటర్‌లో తెరిస్తే చాలాసార్లు రెండు సేవ్‌లు ఎదురుపడతాయి. ఏది ఉంచాలో తెర మీద అడుగుతుంది. అక్కడ తేదీ, సమయం చదవకుండా నొక్కిన ఒక్క నొక్కుతో పాత సేవ్ కొత్తదాన్ని మింగేస్తుంది. చెడిపోయిన సేవ్‌ను కూడా క్లౌడ్ నమ్మకంగా పైకి పంపుతుంది. ఇందులో తయారీదారుల బాధ్యతా ఉంది. స్విచ్‌లో సేవ్‌ను ఇంకో కన్సోల్‌కు పంపితే మొదటి దానిలో మిగలదు. కార్డులోకి కాపీ తీసుకునే దారి అసలే ఇవ్వలేదు. తన ఆటను తన దగ్గర దాచుకునే హక్కు కొన్నవాడికి ఉండాలని నా గట్టి అభిప్రాయం. అది వచ్చేదాకా, స్విచ్‌ను రిపేరుకు ఇచ్చేటప్పుడు షాపతను ‘ఇనీషియలైజ్ చేసేస్తే సరిపోతుంది’ అంటే, అంటే లోపలివన్నీ చెరిపేస్తానంటే, సేవ్‌లు క్లౌడ్‌లోకి ఎక్కాయో లేదో ఒక్కో ఆటకూ చూసుకున్నాకే సరేననండి.