ఎక్కించిన కణాలు ఎక్కడికి పోయాయి?

గత నెలలో రిటైరైన మాస్టారు ఒకరు మా ఆసుపత్రి ఓ.పి.కి వచ్చారు. ఆయన భార్యకు పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. ఎడమ చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. మాస్టారు సంచిలోంచి రంగుల కరపత్రం ఒకటి తీసి నా బల్ల మీద పెట్టారు. స్టెమ్ సెల్స్, అంటే మూలకణాలు, నరం ద్వారా ఎక్కిస్తే అవి మెదడుకు చేరి చెడిన భాగాన్ని బాగుచేస్తాయని అందులో వుంది. ఖర్చు లక్షల్లో.

"వున్న ఎకరం అమ్మేయమంటారా డాక్టరుగారూ?" అన్నారు.

"తొందరపడకండి మాస్టారూ. ఎక్కించిన కణాలు మెదడుకే చేరాయనీ, అక్కడ బతికి వున్నాయనీ వాళ్ళు ఎలా తెలుసుకున్నారో ముందు అడిగి రండి" అన్నాను.

ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో పాఠకులకు కూడా చెప్పాలి.

వరి నాటిన రైతు కొద్దిరోజులు పోయాక గట్టు మీద నిలబడి, నారు మూన తిరిగిందో లేదో చూసుకుంటాడు. శరీరంలో నాటిన కణాలను చూడటానికి అలాంటి గట్టు లేదు. పూర్వం ప్రయోగశాలలో ఎలుకకు కణాలు ఎక్కించి, కొన్నాళ్ళకు దాన్ని చంపి, కోసి, సూక్ష్మదర్శినిలో వెతికేవారు. కణాలకు ఇనుప రేణువులు పట్టించి ఎం.ఆర్.ఐ.లో చూసే పద్ధతి కూడా వుంది. కాని కణం చచ్చిపోయినా ఇనుము అక్కడే వుండిపోవచ్చు. బొమ్మలో మచ్చ కనబడుతూనే వుంటుంది.

మిణుగురు చేసిన సాయం

ఈ చిక్కును విప్పింది మిణుగురు పురుగు. దాని వెలుగుకు కారణం లూసిఫరేజ్ అనే ఎంజైము. దాన్ని తయారుచేసే జన్యువును అమెరికా శాస్త్రజ్ఞులు 1985లో వేరుచేశారు. ఆ జన్యువును ముందుగా మూలకణాల్లో చొప్పించి, తరువాత వాటిని ఎలుకకు ఎక్కిస్తారు. లూసిఫెరిన్ అనే పదార్థం ఇచ్చి, మత్తులో వున్న ఎలుకను చీకటిపెట్టెలో పడుకోబెట్టి, అతి సున్నితమైన కెమెరాతో ఫోటో తీస్తారు. బతికున్న కణమే వెలుగుతుంది. చచ్చిన కణానికి వెలుగు లేదు. కణం రెండైతే పిల్లకణాలకూ ఆ జన్యువు సంక్రమిస్తుంది. ఎలుకను చంపనక్కరలేదు. అదే ఎలుకను ఇవాళా, వారానికీ, నెలకూ చూడవచ్చు. ఇలా కణం జాడను కబురుగా అందించే జన్యువును రిపోర్టర్ జీన్ అంటారు.

మనిషి శరీరం లోతుల్లోంచి ఈ వెలుగు బయటికి రాదు. అందుకని మరో రకం జన్యువు పెట్టి, కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం ఇచ్చి, పెట్ స్కానులో చూసే పద్ధతిని కూడా కనిపెట్టారు.

వెలుగు చెప్పిన కబుర్లు

అమెరికాలో జోసెఫ్ వూ, మన అంబాలాలో పుట్టిన సంజీవ్ గంభీర్ 2003లో ఎలుకల గుండెలో నాటిన కణాలను ఈ రెండు పద్ధతుల్లోనూ చూశారు. మొదటి నాలుగు రోజుల్లోనే సంకేతం బాగా పడిపోయింది. అంటే నాటినవాటిలో చాలా భాగం బతకలేదన్నమాట. 2006లో పిండ మూలకణాలను నాటి చూస్తే, అక్కడ సంకేతం తగ్గకపోగా పెరిగింది. సంతోషించవలసిన విషయం కాదు, అవి కంతులుగా పెరిగాయి! ఇక నరం ద్వారా ఎక్కించే కణాల సంగతి. ఎముక మజ్జ నుంచి తీసే ఒక రకం మూలకణాలను జంతువులకు అలా ఎక్కిస్తే, ఎక్కువ భాగం ముందు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయి. చాలావరకు కొద్దిరోజుల్లో ఆరిపోతాయి.

అలాగని మూలకణాల వైద్యమంతా మోసం కాదు. రక్త కేన్సరుకు, తలసీమియాకు ఎముక మజ్జ మార్పిడి ప్రాణాలు నిలుపుతోంది. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో రసాయనాలు పడి కాలిన కళ్ళకు మూలకణాలతో చూపు తెప్పించారు. అక్కడ ఫలితాన్ని రక్తపరీక్షలోనో, కంటి పరీక్షలోనో డాక్టరు చూడగలడు. రుజువైన వైద్యం అవి. పక్షవాతానికి మూలకణాలు ఇంకా పరిశోధనలోనే వున్నాయి.

కాబట్టి ఎవరైనా ఈ చికిత్స చేస్తామంటే మూడు మాటలు అడగండి. ఇది రుజువైన వైద్యమా, ప్రయోగమా? ప్రయోగమైతే ప్రభుత్వ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా? ప్రయోగమే అయితే రోగి దగ్గర డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు?

మాస్టారు వారం తరువాత మళ్ళీ వచ్చారు. ఆయన ప్రశ్నకు సరైన జవాబు రాలేదట. ఈసారి భార్యను కూడా తీసుకొచ్చారు. రక్తపోటు మందులు సరిచేసి, ఫిజియోథెరపీకి పంపాను. చెయ్యి పూర్తిగా వస్తుందని నేను మాట ఇవ్వలేదు. ఎకరం మాత్రం ఆయన పేరునే వుంది.