పైన ఫెరారీ, కింద పాంటియాక్

మొన్నమొన్నటి దాకా కొత్త లారీ అంటే కంపెనీ ఇచ్చేది ఛాసిస్ మాత్రమే. ఇంజను, చక్రాలు, స్టీరింగు, డ్రైవరు కూర్చోవడానికి ఓ తాత్కాలిక సీటు, అంతే. మొహానికి తువ్వాలు చుట్టుకుని డ్రైవరు దాన్ని హైవే మీద నడుపుకుంటూ విజయవాడ ఆటోనగర్ చేర్చేవాడు. క్యాబిను, తొట్టి అక్కడ కట్టేవారు. పైన కట్టేది బాడీ, కింద నడిచేది ఛాసిస్ అన్న సంగతి భట్టిప్రోలు, రేపల్లె వైపు ధాన్యం తోలే లారీ ఓనర్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. పాత కారు మీద నకలు స్పోర్ట్స్ కారు కట్టే విద్యంతా దీనిమీదే నడుస్తుంది. కింది భాగం ఇచ్చే పాత బండిని డోనర్ కారు అంటారు.

డోనర్లలో పెద్దన్న ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. 1930ల్లో ఫెర్డినాండ్ పోర్షే రూపొందించిన ఈ కారు బాడీని కింది పలకకు బోల్టులతో బిగించారు. ఆ బోల్టులు విప్పి నలుగురు తలో మూల పట్టి ఎత్తితే బాడీ మొత్తం లేచి వస్తుంది. కింద మిగిలిన పలక మీద ఇంజను, గేర్‌బాక్సు, బ్రేకులు ఎక్కడివక్కడే ఉంటాయి. ఇంజను వెనక ఉంటుంది, గాలికే చల్లబడుతుంది కనుక రేడియేటరు బెడద లేదు. ముందు భాగాన్ని ఎంత పల్చగా, కిందికి వంచి కట్టుకున్నా అడ్డేమీ రాదు. మారుతి 800తో ఈ ఆట కుదరదు. దానికి విడిగా ఛాసిస్ లేదు, రేకు బాడీయే బరువంతా మోస్తుంది. పైకప్పు కోస్తే బండి నడుము నిలవదు.

బీటిల్‌ని ఇలా వాడుకున్నవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది కాలిఫోర్నియాకు చెందిన బ్రూస్ మేయర్స్ గురించి. ఆయన పడవలు కట్టేవాడు. నిజాంపట్నం హార్బరులో ఫైబర్ బోట్లు చూసినవాళ్లకు ఆయన పద్ధతి కొత్తగా అనిపించదు. ముందు అచ్చుకు మైనం పూస్తారు, లేకపోతే గట్టిపడ్డ బాడీ అచ్చును వదలదు. దానిమీద రంగు కలిపిన జెల్‌కోటు పట్టిస్తారు. అదే రేపు బయటికి కనిపించే నునుపైన పైపూత. తర్వాత గాజుపీచు చాపలు పరిచి, హార్డెనర్ కలిపిన రెజిన్‌తో తడిపి, లోపల గాలి బుడగ మిగలకుండా రోలరుతో నొక్కుతారు. రెజిన్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. హార్డెనర్ పాలు ఎక్కువైతే పని పూర్తికాకముందే డబ్బాలోనే గడ్డకడుతుంది. మన ఎండల్లో అయితే మరీ తొందర. రేకుల్ని వంచే భారీ ప్రెస్సులు అక్కర్లేకుండా, ఒక షెడ్డు, ఓ అచ్చు, నలుగురు మనుషులతో ఒంపుల బాడీ తయారవుతుందంటే అది ఈ పదార్థం చలవే.

మేయర్స్ 1964లో తయారుచేసిన, ఇసుకలో నడిచే బగ్గీ పేరు మాంక్స్. మొదట్లో కొన్నిటిని బీటిల్ పలక లేకుండానే చేసినా, తర్వాతవాటికి బీటిల్ పలకనే 36 సెంటీమీటర్ల మేర కోసి, దగ్గరికి చేర్చి వెల్డింగు చేశాడు. పొట్టిగా, తేలిగ్గా ఉండే మాంక్స్‌లలో తొలినాటిది ఒకటి 1967లో మెక్సికోలోని బాహా ద్వీపకల్పాన్ని 34 గంటల 45 నిమిషాల్లో దాటింది. అంతకుముందు మోటారు సైకిళ్ల పేరిట ఉన్న రికార్డు కంటే 5 గంటలు తక్కువ. నకళ్లు తీసేవాళ్లు ఆయన్నీ వదల్లేదు. పేటెంటు చెల్లదని కోర్టు తేల్చాక మాంక్స్‌ను పోలిన బగ్గీలు ఊరూరా పుట్టుకొచ్చాయి.

ఇక ఫెరారీ నకళ్లకు దొరికిన బండి మరీ విచిత్రం. అది జనరల్ మోటార్స్ వారి పాంటియాక్ ఫియేరో. 1984 నుంచి 1988 దాకా సుమారు 3,70,000 తయారయ్యాయి. లోపల ఉక్కు చట్రం, పైన ప్లాస్టిక్ పలకలు. చట్రాన్ని కదిలించకుండా పలకలు ఊడదీసి వేరేవి తొడగవచ్చు. ఇంజను సీట్ల వెనక, వెనక చక్రాల ముందు. ఫెరారీ 308కీ అక్కడే. రెండిటికీ ముందు వెనక చక్రాల మధ్య దూరంలో తేడా మూడు సెంటీమీటర్లే! ఇంతా చేసి ఫియేరో కూడా అరువు సరుకే. తొలి మోడళ్లలో వెనక ఉన్నది షెవర్లే సైటేషన్ ముందు భాగపు సస్పెన్షన్, ముందు ఉన్నది షెవెట్‌ది.

అయితే కొలతలు కలిసినంత మాత్రాన పరుగు కలవదు. తొలి ఫియేరోలో 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను 92 హార్స్‌పవర్ ఇచ్చేది. ఫెరారీ 308లోని, సిలిండరుకు నాలుగు వాల్వులున్న వి8 ఇంజను 230 పైచిలుకు ఇస్తుంది. దసరాకు పులివేషం చారలెంత బాగా దిద్దినా దూకేది మనిషి కాళ్లే. మేరా పేరుతో అలాంటి నకళ్లు పాంటియాక్ షోరూముల్లోనే అమ్ముడుపోవడంతో ఫెరారీ కోర్టుకెక్కింది, మేరాల తయారీ ఆగిపోయింది. ‘మయామీ వైస్’ అనే అమెరికన్ టీవీ సీరియల్లో హీరో నడిపిన నల్ల ఫెరారీ డేటోనా కూడా లోపల షెవర్లే కార్వెట్. అప్పుడూ ఫెరారీ ఊరుకోలేదు. నిర్మాతలు 1986లో ఆ బండిని తెర మీదే పేల్చేశారు, ఫెరారీ అసలు టెస్టరోసాలు ఇచ్చింది.

మన దేశంలో చింకారా మోటార్స్ వారు 1957 నాటి లోటస్ సెవెన్ పోలికతో రోడ్‌స్టర్ కట్టారు. దానికి వాడింది 1.8 లీటర్ల ఇసుజు ఇంజను. కాంటెస్సాలో, తర్వాత అంబాసిడర్‌లో హిందుస్తాన్ మోటార్స్ పెట్టిన ఇంజనే! అంబాసిడర్ బరువు మోస్తూ నెమ్మదిగా వెళ్లే ఇంజను, తలుపుల్లేని తేలిక బాడీ కింద చెలరేగిపోతుంది. ఇంజను బలం కంటే, ఆ బలాన్ని బరువుతో భాగిస్తే వచ్చేదే ముఖ్యం. లోటస్ పెద్ద కోలిన్ చాప్‌మన్ పట్టుకున్న కిటుకూ అదే.

హైదరాబాదు బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో సుధాకర్ బూటు, వంకాయ, క్రికెట్ బ్యాటు ఆకారాల్లో నడిచే బళ్లు కట్టారు. వంకాయ తరఫున కోర్టుకెళ్లేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆయనకు చిక్కు లేదు. తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత నట్లు, బేరింగులు, చైన్లు అతికించి నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. అక్కడ పార్టుకు పాత పని తప్పిపోతుంది. డోనర్ కారులో పార్టుకు ఆ సెలవు లేదు. బ్రేకు బ్రేకుగానే పట్టాలి. బీటిల్ బరువుకు, వేగానికి తగ్గట్టు చేసిన బ్రేకుల మీద రెండింతల బలమున్న ఇంజను ఎక్కిస్తే, వెళ్లడం బాగానే వెళ్తుంది, ఆగడం దగ్గరే తంటా. ఫెరారీ ముఖం తగిలించిన ఫియేరో కంటే మాంక్స్, చింకారా నాకు నచ్చడానికి కారణం ఉంది. అవి డోనర్‌ను దాచలేదు, దాని సత్తువను వాడుకున్నాయి.

చేతిలో పని, షెడ్డులో చోటు ఉన్న కుర్రాళ్లు మన వైపు చాలామందే ఉన్నారు. అయితే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన మూల నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. కాబట్టి పాత కారుకు బయానా ఇచ్చేముందే రవాణా శాఖ ఆఫీసుకు వెళ్లి, కట్టిన తర్వాత ఆ బండి రోడ్డెక్కవచ్చో లేదో కనుక్కోండి.