ఏ సున్నా ఎవరిది? సి.ఎన్.సి. మిషన్ల వద్ద కుర్రకారు తికమక

బోగోలు: ఆవిరి ఇంజన్ల రోజుల్లో ఈ మండలంలోని బిట్రగుంట పేరు చెబితే చాలు, లోకో షెడ్డు గుర్తుకు వచ్చేది. ఫిట్టర్లతో, టర్నర్లతో, ఫైర్‌మన్లతో రైల్వే కాలనీ కళకళలాడేది. ఆవిరి పోయింది. దానితో పాటు షెడ్డు వైభవమూ పోయింది. ఇనుము పని మీద మక్కువ మాత్రం ఈ ప్రాంతాన్ని విడిచిపోలేదు. ఐ.టి.ఐ. ముగించిన పిలకాయలు రైలెక్కి తడ దగ్గరి శ్రీసిటీకో, చెన్నై శివారు అంబత్తూరుకో పనికి పోవడం ఇక్కడ కొత్త విషయమేమీ కాదు.

అక్కడ వారికి ఎదురయ్యేది చేత్తో హ్యాండిల్ తిప్పే పాత లేత్ కాదు. అంకెలు చెబితే కదిలే సి.ఎన్.సి. మిషను. అంకెలతో మిషను నడిపించే పద్ధతికి బీజం వేసినవాడు అమెరికాకు చెందిన జాన్ పార్సన్స్. అక్కడి మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 1952లో అటువంటి మిల్లింగ్ మిషనును నడిపి చూపించింది. నేడు బెంగళూరు, కోయంబత్తూరుల్లో తయారైన సి.ఎన్.సి. మిషన్లు చిన్న చిన్న షెడ్లలో సైతం తిరుగుతున్నాయి.

కొత్తగా చేరిన కుర్రవాడిని మొదట కంగారు పెట్టేది తెర మీద కనిపించే అంకెలు. టూల్ నిలబడి ఉన్నది ఒక్క చోటే. తెర మీద మాత్రం రెండు లెక్కలు. ఒకదాని పక్కన ‘మెషీన్’ అనీ, మరొకదాని పక్కన ‘అబ్సల్యూట్’ అనీ ఉంటుంది. ఏది నిజం? రెండూ నిజమే. చిక్కంతా ఇక్కడే ఉంది.

బిట్రగుంట వాసులకు ఇది అర్థం కావడం కష్టం కాదు. రైలు పట్టాల పక్క కిలోమీటరు రాళ్ళు ఎక్కడో ఒక చోట మొదలై వరుసగా సాగుతాయి. ఎవరి సౌకర్యం కోసమూ అవి మారవు. మిషను సొంత లెక్క అటువంటిది. తయారుచేసినవారు ఒక మూల నిర్ణయించి పెట్టిన సున్నా నుంచి అది కొలుస్తుంది. ఊళ్ళో జనం మాత్రం ‘గేటు నుంచి వంద గజాలు’ అంటారే గాని కిలోమీటరు రాయి నంబరు చెప్పరు. జాబ్ సున్నా ఆ గేటు వంటిది. జాబ్ మూలనో, మధ్యనో ఒక చోటు ఎంచుకుని ప్రోగ్రాం కొలతలన్నీ అక్కడి నుంచి రాస్తారు. మిషను సున్నా నుంచి జాబ్ సున్నా ఎంత దూరమో చెప్పే అంకెనే వర్క్ ఆఫ్‌సెట్ అంటారు. జి54 నుంచి జి59 వరకు ఆరు ఆఫ్‌సెట్లు మామూలుగా ఉంటాయి. టేబుల్ మీద ఆరు జాబులు బిగిస్తే ఒక్కొక్క దానికి ఒక్కొక్కటి వాడుకోవచ్చు.

లెక్క ఒకటి చూద్దాం. 10 మి.మీ. మందం గల ఎడ్జ్ ఫైండర్‌ను జాబ్ ఎడమ అంచుకు తాకించినప్పుడు ‘మెషీన్’ లెక్కలో ఎక్స్ మైనస్ 412.350 అని ఉందనుకోండి. ఆ అంకె స్పిండిల్ నడిమిది, అంచుది కాదు. అంచు మరో 5 మి.మీ. కుడికి ఉంది. కనుక జి54 ఎక్స్‌లో వేయవలసింది మైనస్ 407.350. ఆ 5 కలపడం మరిస్తే రంధ్రాలన్నీ 5 మి.మీ. పక్కకు పోతాయి. కలపవలసిన చోట తీసివేస్తే 10 మి.మీ. తప్పు. సరిగా వేస్తే, ప్రోగ్రాంలో ఎక్స్ 100 అన్నప్పుడు టూల్ మిషను లెక్కలో మైనస్ 307.350 వద్దకు పోతుంది. ఇంతకు మించి గణితం లేదు. అయిదో తరగతి కూడికే.

ఇక ప్రాణం మీదికి తెచ్చే సంగతి సాఫ్ట్ లిమిట్లది. పట్టాలు ముగిసే చోట రైల్వేవారు అడ్డంగా బఫర్ దిమ్మె కడతారు. దానికి ముందే ఎర్ర సిగ్నల్ ఉంటుంది. మిషనులో బఫర్ దిమ్మె వంటిది ఇనుప అడ్డు. దానికి ఇవతల లిమిట్ స్విచ్చి. అంతకంటే ఇవతల, కంట్రోలులో అంకెగా మాత్రమే ఉండే హద్దు సాఫ్ట్ లిమిట్. టేబుల్ ఆ అంకె దాటబోతే ‘ఓవర్ ట్రావెల్’ అలారం మోగి మిషను ఆగిపోతుంది.

ఈ కాపలా కూడా ఊరకే రాదు. చాలా మిషన్లకు కరెంటు పోయి వస్తే తామెక్కడున్నదీ గుర్తుండదు. హోమ్‌కు పంపి మిషను సున్నాను పట్టించిన తర్వాతే సాఫ్ట్ లిమిట్లు పని చేస్తాయి. బ్యాటరీ ఆధారంగా చోటు గుర్తుంచుకునే మిషన్లూ ఉన్నాయి. ఆ బ్యాటరీ చచ్చిపోతే వాటి గతీ అంతే. సాధారణంగా కంట్రోలు ఆన్‌లో ఉండగానే దాన్ని మార్చాలి. చాలా చోట్ల అలారం వచ్చి మిషను ఆగేదాకా ఆ సంగతి ఎవరికీ పట్టకపోవడం గమనార్హం.

అన్నిటికంటే పెద్ద అపోహ మరొకటి ఉంది. సాఫ్ట్ లిమిట్ ఉంది గదా, టూల్ దేనికీ గుద్దుకోదులే అని కొందరు ధీమాగా ఉంటారు. సాఫ్ట్ లిమిట్‌కు తెలిసింది టేబుల్ ఎంత దూరం పోగలదన్నదే. టేబుల్ మీద వైస్ ఉందో, క్లాంప్ ఉందో, మనిషి చేయి ఉందో దానికి తెలియదు. పగటి షిఫ్టువారు పొట్టి వైస్‌తో పని ముగించి జి54 అలాగే ఉంచి పోయారనుకుందాం. రాత్రి షిఫ్టులో ఎత్తు వైస్ బిగించి, జెడ్ విలువ మార్చకుండా సైకిల్ స్టార్ట్ నొక్కితే టూల్ శరవేగంతో దిగి వైస్‌లో దూరుతుంది. అలారం మోగదు. మిషను దృష్టిలో ఏ హద్దూ దాటలేదు మరి! టూల్ విరిగితే వందల్లోనో వేలల్లోనో పోతుంది. స్పిండిల్ బేరింగులు దెబ్బతింటే ఖర్చు లక్షలకు ఎక్కుతుంది. తప్పు ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరి చూపూ కొత్త కుర్రవాడి మీదికే పోతుంది. బటన్ నొక్కడం నేర్పి లెక్క నేర్పకుండా నిలబెట్టినవారి మాట ఎవరూ ఎత్తరు. ఇది అన్యాయమే.

అనుభవమున్న ఆపరేటర్లు పాటించే జాగ్రత్తలు పెద్ద రహస్యాలేమీ కావు. వైస్ గాని, టూల్ గాని మారిస్తే జెడ్ ఆఫ్‌సెట్‌నూ, టూల్ పొడవు విలువనూ మళ్ళీ చూస్తారు. మొదటి ముక్కకు సింగిల్ బ్లాక్ పెట్టి, వేగం పావు వంతుకు తగ్గించి, ఫీడ్ హోల్డ్ మీద వేలు ఉంచుతారు. టూల్ జాబ్‌కు కాస్త పైన ఉన్నప్పుడు ఆపి, ‘ఇంకా పోవలసిన దూరం’ అని తెర చూపే అంకెను కంటికి కనిపించే ఖాళీతో పోల్చుకుంటారు. ఖాళీ రెండు వేళ్ళంత ఉండి తెర మీద 150 మి.మీ. అని కనిపిస్తే ఎక్కడో తప్పు దొర్లినట్లే. అంత సేపూ మిషను ఆగి ఉంటుందని సూపర్‌వైజర్లు గొణుగుతారు. గొణగనీయండి.

పద్ధతిగా నేర్చుకోదలచినవారికి హైదరాబాదు బాలానగర్‌లో 1968లో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. విజయవాడలో దాని శాఖ కూడా ఉంది. ఆ ఊరు బిట్రగుంట నుంచి ఒక్క రైలు ప్రయాణమే. అంత దూరం పోలేనివారు కనీసం చేరిన షాపులో మొదటి రోజే అడిగి తెలుసుకోవలసినవి మూడు ఉన్నాయి. ఈ మిషను హోమ్ ఏ మూలన ఉంది? ఇప్పుడు నడుస్తున్న ఆఫ్‌సెట్ ఏది? నిన్నటి షిఫ్టులో దాన్ని ఎవరైనా మార్చారా?