మూడు ఊళ్ల నీడలు, భూమి చుట్టుకొలత

మ్యాపులో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఎక్కడున్నాయో వేలు పెట్టి చూడండి. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలైన ఈ మూడూ పాత వరంగల్ జిల్లాలోవే. జనగామ, మహబూబాబాద్ దాదాపు ఒకే అక్షాంశం మీద, 17.7, 17.6 డిగ్రీల దగ్గర ఉన్నాయి. భూపాలపల్లి మహబూబాబాద్‌కు ఇంచుమించు సూటిగా ఉత్తరాన, 18.4 డిగ్రీలు దాటి ఉంది. కోరి ఏర్పాటు చేసినా ఇంత అనువుగా ఉండవు! ఒక కర్ర, దారం, రాయి, అట్టముక్క ఉంటే చాలు, ఇక్కడి పిల్లలు భూమి చుట్టుకొలత కట్టవచ్చు. బీరువాలో తాళం వేసి ఉన్న పరికరాల కోసం ఎదురుచూడనక్కర లేదు.

క్రీ.పూ. మూడో శతాబ్దంలో ఈజిప్టులో ఎరటోస్తనీస్ చేసింది ఇదే. సయీన్ పట్నంలో ఎండ నిట్టనిలువుగా పడే రోజున, ఉత్తరాన ఉన్న అలెగ్జాండ్రియాలో సూర్యుడు నడినెత్తికి 7.2 డిగ్రీలు పక్కగా ఉన్నాడు. అది వృత్తంలో యాభయ్యో వంతు. కాబట్టి రెండు ఊళ్ల మధ్య దూరానికి యాభై రెట్లు భూమి చుట్టుకొలత.

మనకూ నీడ మాయమయ్యే రోజులు ఏడాదికి రెండున్నాయి. జనగామలో మే 10, ఆగస్టు 2 ప్రాంతాల్లో వస్తాయి. కానీ మేలో బడికి సెలవులు, ఆగస్టులో మబ్బులు. అందుకే డిసెంబరు 22 మంచిదంటాను.

కర్ర నీడ అంచు మసకగా ఉంటుంది, సెంటీమీటరు తేడా ఇట్టే వచ్చేస్తుంది. కర్ర ఒక్క డిగ్రీ వాలినా మొత్తం పోయినట్లే, ఎందుకంటే మనకు కావలసిన తేడాయే డిగ్రీలోపు. ఈ రెండింటికీ ఒకటే మందు. అట్టకు సన్నని రంధ్రం చేసి, నేలకు సరిగ్గా 100 సెంటీమీటర్ల ఎత్తున కర్రకు అడ్డంగా కట్టండి. రంధ్రం నుంచి దారానికి రాయి కట్టి వేలాడదీసి, అది తాకేచోట గుర్తు పెట్టండి. ఎండలో అట్ట నీడ మధ్య గుండ్రని వెలుగుచుక్క పడుతుంది. గుర్తు నుంచి ఆ చుక్క నడిబొడ్డుకు కొలవండి. నేల చదునుగా ఉండాలి. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడకండి.

చుక్క గుర్తుకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చినప్పుడే అసలు మధ్యాహ్నం. గడియారం 12 దాటి కొన్ని నిమిషాలవుతుంది. అప్పుడు మహబూబాబాద్‌లో సుమారు 87 సెంటీమీటర్లు, భూపాలపల్లిలో 89.6 రావాలి. పదో తరగతి వాళ్లు టాంజెంట్ పట్టిక చూస్తే 41.02, 41.86 డిగ్రీలు దొరుకుతాయి. తేడా 0.84. ఉత్తర దక్షిణాలుగా దూరం సుమారు 92 కిలోమీటర్లు. దీన్ని మ్యాపు స్కేలుతో కొలుచుకోండి, రోడ్డు దూరం పనికిరాదు. 360ని 0.84తో భాగించి 92తో హెచ్చిస్తే 39,400 కిలోమీటర్లు. ధ్రువాల మీదుగా అసలు చుట్టుకొలత 40,008.

ఒక్క మిల్లీమీటరు పొరపాటు జవాబును పదిహేను వందల కిలోమీటర్లు జరుపుతుంది. అందుకని వారం రోజులు కొలిచి సగటు తీయండి. వచ్చిన అంకెను పుస్తకానికి సరిపోయేలా దిద్దకండి.

మరి జనగామ పిల్లలు? వాళ్లు మహబూబాబాద్‌కు 0.8 డిగ్రీలు పడమరన ఉన్నారు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. ముందురోజే నేలమీద ఉత్తర దక్షిణ రేఖ గీసుకొని, ఫోనులో గడియారాలు కలుపుకొని, చుక్క ఆ రేఖను దాటే క్షణం రాసుకోవాలి. జనగామలో అది మూడు నిమిషాల పైచిలుకు ఆలస్యంగా దాటుతుంది.