మొహం వాళ్లది, గొంతు మనది

2019 నవంబరులో ‘ఫ్రోజెన్ 2’ కార్టూన్ సినిమా తెలుగులో వచ్చింది. పెద్ద ఎల్సాకు నిత్యా మేనన్, చిన్నప్పటి ఎల్సాకు మహేష్‌బాబు కూతురు సితార డబ్బింగ్ చెప్పారు. మంచులాంటి ఒళ్లు, చారెడేసి కళ్లు, పిడికిట్లో ఇమిడే నడుము... ఆ బొమ్మ నోట తెలుగు వినబడితే పిల్లలకు పండగే. మామూలుగా కార్టూన్ తయారయ్యే చోట ముందు గొంతు రికార్డు చేస్తారు, ఆ పలుకును బట్టి పెదాలు గీస్తారు. డబ్బింగ్‌లో పని తిరగబడుతుంది. ఎక్కడో గీసేసిన పెదాల్లో మన మాటను ఇరికించాలి.

తెలుగు సినిమాకు ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు. సరిత సంగతే చూడండి. గుంటూరు జిల్లా మునిపల్లె అమ్మాయి. 1978లో బాలచందర్ ‘మరో చరిత్ర’లో కమల్‌హాసన్ సరసన నిలబెడితే, నల్లటి గుండ్రటి మొహంతో, ఆ పెద్ద కళ్లతో ఆంధ్రదేశాన్ని ఏడిపించింది. తర్వాత్తర్వాత తెలుగు తెర ఆమె దగ్గర ఎక్కువగా అడిగింది గొంతునే. నగ్మా, టబు, సౌందర్య పెదాలు కదిపితే పలికింది సరిత. ఆ పనిలో ఆమెకు సాటి లేరనే నేనంటాను. కానీ పైనుంచి తెచ్చిన మొహానికి మన పిల్ల గొంతు అతికించడం ఎంత అలవాటైపోయిందంటే, అక్కడో అతుకుందని కూడా మనకు తోచదు.

ధవళేశ్వరంలో కూర్చుని నేనీ మాట ఎత్తడానికి కారణం ఉంది. కాటన్ ఆనకట్టతో ఈ ఊరు అందరికీ తెలుసు గానీ, 1874లో కందుకూరి వీరేశలింగం ఆడపిల్లలకు బడి తెరిచిందీ ఇక్కడే. అప్పుడాయన ఈ ఊళ్లోనే పంతులు. అదే ఏడు ‘వివేకవర్ధని’ పత్రిక, 1883లో ఆడవాళ్ల కోసమే ‘సతీహితబోధిని’. చదివితే ఆడది చెడిపోతుందన్న కాలమది. ఇప్పుడు పిల్లను బడికి పంపమని ఎవరికీ చెప్పక్కర్లేదు. సైకిలెక్కే ముందు మాత్రం ‘ఎండలో తిరక్కే, నల్లబడిపోతావ్’ అని అమ్మ కేకేస్తుంది. పెళ్లిళ్ల పేరయ్య ‘పిల్ల కాస్త చామనఛాయేనండి, మొహంలో కళ ఉందండి’ అని నసుగుతాడు. నలుపు నారాయణుడు మెచ్చునంటారు గానీ, పెళ్లిచూపులకు వచ్చేది నారాయణుడు కాదు కదా! ఆ చూపుల్లోనే ఒకప్పుడు ‘ఓ పాట పాడమ్మా’ అనేవారు. పిల్లకు గొంతుందో లేదో తేల్చుకోవడానికి. పాటయ్యాక, అబ్బాయి నీకు నచ్చాడా అని అడిగిన ఇళ్లెన్ని?

ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. నల్లగా ఉంటే ఉద్యోగం రాదు, పెళ్లి కాదు అని ప్రకటనలు దశాబ్దాల పాటు నూరిపోశాక, 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి అలా చూపించకూడదంది. 2020లో పేరులోంచి ‘ఫెయిర్’ పోయి ‘గ్లో’ వచ్చింది. కిరాణా కొట్లో సాచెట్ల దండ ఎక్కడిదక్కడే వేలాడుతోంది. ఫోన్లో ఫిల్టరుకు ఆ ఖర్చు కూడా లేదు. వేలు తాకితే రంగు తేలుతుంది, ముక్కు సన్నబడుతుంది. ఆ తర్వాత అద్దంలో మొహం పదమూడేళ్ల పిల్లకు నచ్చమంటే ఎలా నచ్చుతుంది?

మళ్లీ కార్టూన్ సినిమాలకొస్తే, వాటిలో ఆడపిల్ల నడుము కొలతల గురించి బోలెడు రాశారు. ఆమె ఎంత మాట్లాడుతుందో లెక్కపెట్టింది అమెరికా భాషా పరిశోధకులు కార్మెన్ ఫాట్, కరెన్ ఐజెన్‌హవర్. 2016లో వాళ్ల లెక్కలు బయటికొచ్చాయి. 1937 నాటి ‘స్నో వైట్’లో ఆడా మగా మాటలు దాదాపు సగం సగం. 1989లో ‘లిటిల్ మెర్‌మెయిడ్’ నాటికి 68 శాతం మగవాళ్లవి. ‘అల్లాదీన్’లోనైతే 90 శాతం. అన్నట్టు, ఆ జలకన్య కథే కాళ్ల కోసం గొంతు వదులుకున్న పిల్ల కథ.

మన హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ సంస్థ ‘ఛోటా భీమ్’ కార్టూన్‌ను 2008లో పోగో చానల్‌కెక్కించింది. హిందీలో ఏళ్ల తరబడి భీమ్‌కు గొంతు సోనల్ కౌశల్ అనే అమ్మాయి. ఇందులో వింతేమీ లేదు. అమెరికాలో బార్ట్ సింప్సన్‌కు చెప్పేది నాన్సీ కార్ట్‌రైట్. మగపిల్లాడి గొంతు పదమూడేళ్లకు మారిపోతుంది, పాత్ర వయసు మారదు మరి. అలా రాక్షసుల్ని చితక్కొట్టే కుర్రాడి కేక ఆడపిల్లది. అదే కథలో భీమ్ స్నేహితురాలు చుట్కీ ఎక్కువగా చేసేది లడ్డూలు అందించడం. 2020 జూన్‌లో భీమ్ రాకుమారి ఇందుమతిని పెళ్లాడేశాడని, చుట్కీకి న్యాయం జరగాలని ట్విట్టర్‌లో గోలైంది. వాళ్లింకా చిన్నపిల్లలేనని గ్రీన్ గోల్డ్ ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. చుట్కీకి మొగుడు దక్కలేదన్న దిగులే తప్ప, ఆమెను ముందు నడిపించి కథ రాయండన్న మాట నాకైతే ఆ గోలలో వినబడలేదు.

తెర వెనక గొంతు తన సొంత మాట మాట్లాడితే ఏమవుతుందో గాయని చిన్మయిని చూస్తే తెలుస్తుంది. 2010లో ‘ఏ మాయ చేసావే’లో సమంతకు గొంతు ఆమెదే. 2018 అక్టోబరులో మీటూ సందర్భంగా తనకు ఎదురైన వేధింపుల గురించి బయటికి చెప్పింది. నవంబరులో చెన్నైలోని డబ్బింగ్ కళాకారుల సంఘం ఆమెను తొలగించింది, చందా బకాయి పేరు చెప్పి. 2023లో ‘లియో’ దర్శకుడు లోకేశ్ కనగరాజ్ త్రిష పాత్రకు తమిళం, తెలుగు, కన్నడం మూడింట్లోనూ ఆమెతోనే చెప్పించాడు.